తేలిక బండి, బరువైన ఇంజిన్

మొగుడంపల్లి

వాహన తనిఖీ అధికారి సాల్మన్ గారికి,

నమస్కారం. నా పేరు భాగీరథి. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అల్లం పండిస్తున్నాను. మీ శాఖ వెబ్‌సైటులో 'ఇంజిన్ మార్పు' అన్నచోట నొక్కితే, వాహన యజమాని ఎప్పుడు మరణించారో తేదీ నింపమంది. నేనింకా ఆ పని పెట్టుకోలేదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నాకొక చిన్న కారుంది. ఎనిమిది వందల సీసీ పెట్రోలు ఇంజిన్, బాగా అరిగింది. మా ఊరి నుంచి చిరాగ్‌పల్లి దగ్గర ముంబై హైవే ఎక్కాలంటే మధ్యలో కంకర తేలిన నిటారు ఎత్తు ఒకటి ఉంది, మొరం గడ్డ అంటాం. ఆటోవాళ్లను పిలిస్తే, "గడ్డ మీదిదాక నడిసి రార్రి, ఆడికెల్లి తీస్కపోత" అంటారు. అందుకని దవాఖానకు పోవలసిన ఆడవాళ్లంతా నా కారు దగ్గరికే వస్తారు.

ఇప్పుడు నాగరాణి అనే అమ్మాయి కడుపుతో ఉంది. నెలనెలా జహీరాబాద్ తీసుకెళ్లి చూపించాలి. ఆమెతోపాటు అత్త నారమ్మ వస్తుంది. నారమ్మకు తోడు బసమ్మ, బసమ్మకు తోడు మహాదేవమ్మ. ఇంతమంది ఎందుకని అడిగితే, "ఒక్కదాన్ని ఎట్ల పంపుతమమ్మా" అన్నారు.

కారు సగం గడ్డ ఎక్కి ఆగిపోతుంది. నాగరాణిని కూర్చోబెట్టి మిగతావాళ్లు దిగి నెడతారు. పోయిన నెల అలా నెడుతుంటే వెనకనుంచి బర్రెల మంద వచ్చి మమ్మల్ని దాటిపోయింది. ఒక బర్రె ఆగి కిటికీలోంచి నన్ను చూసింది. నా ఉద్యోగకాలంలో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అలా చూడలేదు.

మెకానిక్ ఈరయ్య దగ్గర పదమూడు వందల సీసీ డీజిల్ ఇంజిన్ ఉంది, ప్రమాదంలో నలిగిన పెద్ద కారుది. "గది వెట్టిన్నంటే బండి ఎక్కుడు గాదమ్మా, దుంకుతది" అంటున్నాడు. దాన్ని నా కారులో పెట్టించుకోవడానికి అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
బర్రె చేత పరీక్షింపబడిన
భాగీరథి

తా.క.: మీ కార్యాలయం గోడ మీద 'మితిమీరిన వేఘం ప్రమాదకరం' అని ఉంది. అక్కడ ఒత్తు అక్కర్లేదు. తీసేస్తే వేగం కూడా కొంత తగ్గుతుంది.


భాగీరథి గారికి,

వాహన తనిఖీ అధికారి సాల్మన్ వ్రాయునది. మీ దరఖాస్తు అందింది. అనుమతి ఇవ్వడం కుదరదు.

ముందే అడిగి ఇంజిన్ మార్చుకోవడం తప్పు కాదు. కానీ పాతది ఏ రకమో కొత్తది ఆ రకమే ఉండాలి. అదే ఇంధనం, అదే సామర్థ్యం. ఎనిమిది వందలు తీసినచోట ఎనిమిది వందలే పెట్టాలి. పెట్రోలు తీసినచోట డీజిల్ పెట్టకూడదు.

ఎందుకని మీరు అడుగుతారు. టీచర్లు అడుగుతారు. మీ బండి బరువు ఆరున్నర వందల కిలోలు. దాని బ్రేకులు, టైర్లు, ముందరి రేకు అన్నీ ఆ చిన్న ఇంజిన్‌ను బట్టి చేసినవే. అందులోకి పదమూడు వందల డీజిల్ దించడమంటే మేక మెడ మీద ఎద్దు కాడి పెట్టడమే. గడ్డ ఎక్కుతుంది, ఒప్పుకుంటాను. దిగేటప్పుడు మాత్రం ఆగదు. కొన్ని దేశాల్లోనైతే బండి ఎన్ని కిలోలుందో లెక్కగట్టి, దానికి ఇంతకు మించిన ఇంజిన్ పనికిరాదని చట్టంలోనే రాశారు. ఎలా చూసినా అంత ఇంజిన్‌కు తగిన బరువు మీ బండికి లేదు.

ఇంకో మాట. నాకూ సరిగ్గా మీలాంటి కారే ఉంది. అదే కంపెనీ, అదే ఎనిమిది వందలు. ఇంటిల్లిపాదీ కూర్చుంటాం, ఏసీ వేసుకుంటాం, ఎంత ఎత్తు వచ్చినా నేను గేరు కూడా మార్చను. కాబట్టి లోపం ఇంజిన్‌లో ఉందా, క్లచ్ మీద ఉన్న కాలిలో ఉందా అన్నది తమరే ఆలోచించుకోగలరు.

భవదీయుడు,
సాల్మన్

తా.క.: గోడ మీది అక్షరం దిద్దించాను. పెయింటరు ఆ ఒత్తుతోపాటు పక్క మాటలోని 'ప్ర' కూడా చెరిపేశాడు. ఇప్పుడు 'మితిమీరిన వేగం మాదకరం' అని ఉంది. కాలేజీ పిల్లలు వచ్చి దాని ముందు ఫొటోలు దిగుతున్నారు.


మొగుడంపల్లి

ఇంటిల్లిపాదితో ఏసీలో తిరిగే సాల్మన్ గారికి,

తగిన బరువు లేదన్నారు. ఇప్పుడుంది.

మా ఇంటి వెనక మిగిలిపోయిన తాండూరు బండలు ఉంటే వాటిని కారు డిక్కీలో, సీట్ల కింద, కాళ్లు పెట్టుకునే చోట పరిపించాను. తొమ్మిది వందల కిలోలు దాటింది. నా మాట నమ్మరని తెలుసు కనుక చెరకు కాటా మీద తూకం వేయించి ఆ చీటీ జతచేస్తున్నాను. బండలు వేశాక కారు మా వాకిలి కూడా దాటలేదు. కాటాదాకా పక్కింటివాళ్ల ట్రాక్టరు లాక్కెళ్లింది.

ఒక విషయం దాచడం నాకిష్టం లేదు. ట్రాక్టరు బజారు వైపు పోతోందని తెలిసి మహాదేవమ్మ వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. కాటా మీద బురదగా ఉందని దిగలేదు. కాబట్టి తూకంలో ఆమె కూడా ఉంది. ఆమె బరువు తీసేయమని కాటా అతనితో అంటే, "మరి ఎంతుంటవమ్మా నువ్వు" అని అడిగాడు. ఆ తరువాత అక్కడ జరిగినది మీ శాఖకు సంబంధించినది కాదు.

ఇక నా కాలి సంగతి. దానికి లైసెన్సు ఇచ్చింది మీ శాఖే. ఆ రోజు కూడా అది క్లచ్ మీదే ఉంది. అప్పుడు కనబడని లోపం ఇప్పుడు ఉత్తరంలో కనబడిందంటే మీ చూపు మామూలుది కాదు.

బరువు సమకూరింది గనుక ఇంజిన్‌కు అనుమతి త్వరగా పంపండి. నాగరాణి కడుపు మీ ఫైలు కోసం ఆగదు.

ఇట్లు,
తగిన బరువుగల
భాగీరథి

తా.క.: చీటీలో సరుకు అన్నచోట 'చెరకు' అని ఉంటుంది. కాటా దగ్గర వేరే మాట రాసే అలవాటు లేదట. మీరు దాన్ని 'కారు' అని చదువుకోండి.


భాగీరథి గారికి,

సంజాయిషీ నోటీసు.

మీరే జతచేసిన తూకం చీటీ ప్రకారం మీరు సొంత కారులో చెరకు రవాణా చేస్తున్నట్టు రుజువైంది. మీరే రాసిన మొదటి ఉత్తరం ప్రకారం అదే కారులో నెలనెలా ఆడవాళ్లను జహీరాబాద్ చేరవేస్తున్నారు. సొంత వాడకం బండిని సరుకుకూ కిరాయికీ తిప్పుతున్నందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలియజేయండి.

ఇక్కడివరకు మా గుమస్తా రాశాడు. అతను మీ తా.క. చదవలేదు. నేను చదివాను. అయినా నోటీసు నోటీసే, జవాబివ్వండి.

ఇక బండల సంగతి. నా సర్వీసులో బరువు తగ్గించి చూపిన లారీవాళ్లను చూశాను గానీ, పెంచి చూపినవాళ్లను చూడలేదు. అమ్మా, తగిన బరువంటే కంపెనీ పుట్టించిన బరువు. మనం పెట్టిన బండలు కాదు. మీరు పెద్ద ఇంజిన్ కోసం బరువు పెంచారు. ఇప్పుడు ఆ బరువు లాగడానికే పెద్ద ఇంజిన్ కావాలి. ఈ లెక్కన వచ్చే నెలకు లారీ ఇంజిన్ అడుగుతారు. బండలు వెంటనే దించండి. అవి కూడా అనుమతి లేని మార్పే.

నా చూపు గురించి రాశారు. నా చూపు బాగానే ఉంది. బానెట్ ఎత్తకుండా, శబ్దం వినే ఏ బండిలో ఏ ఇంజిన్ ఉందో చెప్పగలనని మా ఆఫీసులో పేరు.

భవదీయుడు,
సాల్మన్

తా.క.: గోడ మొత్తానికి సున్నం వేయించాను. మర్నాటికల్లా ఎవరో దాని మీద 'మేలైన విత్నపు అల్లం దొరుకును' అని రాసిపోయారు. మీరు అల్లం పండిస్తారని రాసినట్టు గుర్తు.


మొగుడంపల్లి

శబ్దజ్ఞాని సాల్మన్ గారికి,

ఇదిగో సంజాయిషీ. నేను చెరకు వేయలేదు, మోయలేదు, ఈ ఏడాది నమలనూ లేదు. కిరాయి మాత్రం తీసుకుంటున్నాను. నారమ్మ చింతపండు ఇస్తుంది. బసమ్మ కరివేపాకు ఇస్తుంది. మహాదేవమ్మ సలహాలు ఇస్తుంది. దేనికి పన్ను వేస్తారో చెబితే అది మీకే పంపిస్తాను. సలహాలైతే సంతోషంగా పంపిస్తాను.

బండలు దించాను. ఇంజిన్ విషయంలో మీ చట్టం చదివాను, అర్థమైంది. దిగేటప్పుడు ఆగదన్న మాట నా బుర్రకెక్కింది. కానీ కాలి మాట మనసుకెక్కింది, అది దిగడం లేదు. మీ ఉత్తరం ఈరయ్యకు చదివి వినిపించడం నా తెలివితక్కువతనం. అతను నారమ్మకు చెప్పాడు. ఇప్పుడు ఊళ్లో అందరూ నా కాళ్ల వైపు చూసి నమస్కారం పెడుతున్నారు.

కాబట్టి ఒక మాట. మీది నాలాంటి కారే కదా. ఆదివారం చర్చి అయ్యాక ఇటు రండి. ఇదే గడ్డ, ఇవే ఆడవాళ్లు. మీ కారులో ఎక్కించుకుని గేరు మార్చకుండా పైకి పోండి. మీరు ఎక్కితే నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను, మళ్లీ మీకు ఉత్తరం రాయను. ఎక్కలేకపోతే ఆ గడ్డ మీదే నిలబడి, లోపం భాగీరథి కాలిలో లేదని అందరికీ వినబడేలా చెప్పాలి.

ఇట్లు,
చెరకు నమలని
భాగీరథి

తా.క.: గోడ మీది రాత నాది కాదు. 'విత్తనపు' అన్న మాటలో అక్షరం మింగేవాళ్లను నేను పదో తరగతి దాటనివ్వలేదు.


భాగీరథి గారికి,

ఆదివారం వస్తున్నాను. మీరు మళ్లీ ఉత్తరం రాయరన్న షరతు మా ఆఫీసులో అందరికీ నచ్చింది.

గేరు మార్చను. ఏసీ కూడా ఆపను. నాగరాణికి బదులు ఇంకెవరినైనా కూర్చోబెట్టండి, ఆ అమ్మాయిని మన పంతానికి తిప్పవద్దు.

భవదీయుడు,
సాల్మన్

తా.క.: మహాదేవమ్మ గారు ముందు సీట్లో కూర్చుంటే బాగుంటుంది. ఏ సందేహమూ మిగలకూడదని నా ఉద్దేశం.


మొగుడంపల్లి

సాల్మన్ గారికి,

మళ్లీ రాయనన్నాను. దరఖాస్తు వెనక్కి తీసుకోవడం కూడా రాతపూర్వకంగానే జరగాలట, అందుకని ఇది ఒక్కటి.

ఆదివారం ఊరంతా చూసింది. మహాదేవమ్మ ముందు, నారమ్మ, బసమ్మ, నాగరాణికి బదులు మా పక్కింటి అనంతమ్మ వెనక. కిటికీలు మూసి ఉన్నాయి, ఏసీ తిరుగుతోంది. మీ కారు గడ్డ కింద ఒక్కసారి గుర్రుమంది, ఆ తరువాత పైన కనబడింది. మధ్యలో అది ఎక్కిన సంగతి చాలామందికి కనబడనే లేదు. మీరు దిగి నా వైపు చూసి, "ఇంజిన్ సిన్నదే టీచరమ్మా. నడిపెటోని కాలుండాలె" అన్నారు.

మీరు వెళ్లాక నారమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నెమ్మదిగా, "ఇన్నొద్దులు బండి తప్పనుకుంటిమమ్మా. ఉట్టిగనే నూకితిమి" అంది. తిట్టినా బాగుండేది.

నలభై దాటాక నేర్చుకున్నాను ఈ కారు. మా ఆయన పోయాక, నాకూ ఒక పని వచ్చని నాకు నేను చెప్పుకోవడానికి నేర్చుకున్నాను. ఆ పని రాదని ఇప్పుడు ఊరంతటి ముందు తేలింది. మంచిదే. తప్పు చదివే పిల్లవాడిని అలాగే వదిలేస్తే వాడికే నష్టమని నేనే చెప్పేదాన్ని.

దరఖాస్తు రద్దు చేయండి. కారు తాళం బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాను. నిన్న నాగరాణిని గడ్డ మీదిదాకా నడిపించుకుని వెళ్లి ఆటో ఎక్కించారు. దారిలో రెండుసార్లు కూర్చుందట. నేను ఇంట్లోనే ఉన్నాను.

ఇట్లు,
భాగీరథి

తా.క.: లేదు.


భాగీరథమ్మ గారికి,

సాల్మన్ నమస్కరించి వ్రాయునది. ఇది ఆఫీసు కాగితం కాదు, సొంత కాగితం. చదివేముందు బియ్యం డబ్బా మూత తీసి తాళం బయట పెట్టుకోండి.

మీ ఉత్తరం వచ్చేసరికి నేను ఆఫీసులో వీరుణ్ణి. గడ్డ ఎక్కిన కథ గుమస్తాకు ఎన్నిసార్లు చెప్పానో, చివరికి అతనే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. చిన్న ఇంజిన్‌ను ఎలా నడపాలో గోడ మీద బొమ్మలతో వేయిద్దామని మా పక్క సీటు ఆయన సలహా ఇచ్చాడు. బొమ్మకు ఫొటో కావాలి కదా. బానెట్ ఎత్తాను.

అమ్మా, ఈ కారు కొన్నాక నేను దాని బానెట్ ఎత్తడం అదే మొదటిసారి. సర్వీసుకు తాళం పంపేవాణ్ణి, తాళం వచ్చేది. లోపల ఇంజిన్‌కూ రేకుకూ మధ్య వేలు దూరే సందు లేదు. నంబరు తుడిచి చూశాను. నా కాగితాల్లో ఉన్న నంబరు కాదు. వేరే మోడల్‌ది. పెట్రోలుదే, కానీ పదమూడు వందల సీసీ. మీరు అడిగితే నేను చట్టం చెప్పి కాదన్నంత పెద్దది.

బీదర్‌లో కొన్నాను ఈ బండి. అమ్మినాయనకు ఫోన్ చేసి అడిగితే ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరు తనిఖీ ఆఫీసరు గద సార్. మీకు దెల్వకుంట ఎట్లుంటది. తెల్సే సప్పుడు జేస్తలేరనుకున్న" అన్నాడు. మన రాష్ట్రానికి బండి మార్పించుకున్న రోజున నంబర్లు సరిచూడవలసింది మా పక్క సీటు ఆయన. ఆయన్ని అడిగితే, "మీ బండిని నేను అనుమానిస్తనా సార్" అన్నాడు. గౌరవంతో చేసిన పని, ఏమనను.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఇంజిన్ మార్పించి ఊరుకుందామని కూడా అనిపించింది. కానీ మీ ఉత్తరం బల్ల మీదే ఉంది. నాగరాణి దారిలో రెండుసార్లు కూర్చుందన్న మాట దగ్గరే కన్ను పడుతోంది. ఇంతకుముందు మీ ప్రతి ఉత్తరంలో తా.క. ముందు చదివేవాణ్ణి. ఈసారి అక్కడ 'లేదు' అని ఉంది.

అందుకని నా మీద నేనే నోటీసు రాశాను. రాసింది నేను, అందుకున్నది నేను, సంతకం రెండు చోట్లా నాదే. సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాను. తృప్తికరంగా లేదని తిరస్కరించాను. ఫైలు మా పై అధికారికి పంపితే ఆయన జరిమానా వేసి, చట్టప్రకారం ఎనిమిది వందల ఇంజిన్ పెట్టుకునేదాకా బండి రోడ్డెక్కకూడదన్నారు. పెట్టించాను.

ఆ తరువాతిది చెప్పడం ఇంకా కష్టం. మా ఆవిడ స్నేహను, అత్తగారిని ఎక్కించుకుని జహీరాబాద్ రైల్వే వంతెన ఎక్కబోయాను. అలవాటు ప్రకారం గేరు మార్చలేదు. సగంలో ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను, వెనక్కి పోయింది. వెనకంతా చెరకు ట్రాక్టర్లు, హారన్లు. మా అత్తగారు దిగి, చీర కుచ్చెళ్లు దోపుకుని నెట్టింది. స్నేహ ఇంటికి వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడు అంది: "పొద్దుగాల లేస్తే మందికి లైసెన్సులిస్తరు. బండెట్ల నడుస్తదో జర ఎవలనన్న అడగరాదుర్రి."

అడుగుతున్నాను. మీరు నలుగురిని ఎక్కించుకుని, అరిగిపోయిన ఇంజిన్‌తో, మొరం మీద సగం గడ్డ ఎక్కేవారు. నేను కొత్త ఇంజిన్‌తో, తారు మీద, ఇద్దరితో అంత కూడా ఎక్కలేదు. లోపం మీ కాలిలో లేదు. ఆ మాట ఆ గడ్డ మీదే నిలబడి అందరికీ వినబడేలా చెప్పడానికి ఈ ఆదివారం వస్తున్నాను. నారమ్మ గారిని తప్పక పిలవండి. చెప్పాక, వీలుంటే, ఎత్తు మీద క్లచ్ ఎలా వదలాలో, గేరు ఎక్కడ మార్చాలో నాకు నేర్పండి. తిట్టకుండా నేర్పమని అడగను.

ఈరయ్య దగ్గరి డీజిల్ ఇంజిన్‌కు మాత్రం అనుమతి లేదు. నాకు లేనిది మీకూ లేదు. మీ ఇంజిన్ అరిగింది కనుక అదే రకం, అదే ఎనిమిది వందలది కొత్తది పెట్టుకోవడానికి దరఖాస్తు పెట్టండి, వచ్చిన రోజే సంతకం చేస్తాను. అది ఉన్నా నలుగురు ఎక్కితే గడ్డ దగ్గర కష్టమే. నాగరాణి, నారమ్మ గారు కారులో వెళ్లి, మహాదేవమ్మ గారు గడ్డ మీదిదాకా నడిస్తే చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ సంగతి ఆమెతో మీరే చెప్పాలి. నా అధికార పరిధి అంతదూరం రాదు.

మీ విద్యార్థి,
సాల్మన్

తా.క.: స్నేహ కూడా వస్తానంటోంది. నేర్చుకోవడానికి కాదట, చూడడానికి.